ఫ్యూజు బాబాయ్ ఒంటితీగ దీపాలు

ఫ్యూజు బాబాయ్‌కి ఉన్నది ఒక్కటే పిచ్చి. క్రిస్మస్ దీపాలు సిరీస్‌లో తప్ప కట్టడు. సిరీస్ అంటే ఒకే తీగ మీద ఒకదాని వెనక ఒకటి, టికెట్ల క్యూలో జనంలాగా. ఆ క్యూలో ఒక్క బల్బు అలిగిందంటే చాలు, మిగతావన్నీ దానితోపాటు ముసుగు తన్నేస్తాయి. గేటు, గోడ, నక్షత్రం, గొర్రె అన్నీ గుప్పున ఆరిపోతాయి. పోయిన బల్బేదో పట్టుకుందామా అంటే, ఆరిపోయాక దొంగా దొరా అందరూ ఒకేలా ఉంటారు.

పోనీ తెలియక చేస్తాడా అంటే, రామరామ! ఆ ఊళ్ళో సగం ఇళ్ళకి వైరింగు చేసింది ఆయనే. ఆ ఇళ్ళల్లో వంటింటి బల్బు పోతే వంటింటి బల్బే పోతుంది. హాల్లో ఫ్యాను ఆగితే ఫ్యానే ఆగుతుంది. ఎవరి తీగ వారిది, ఎవరి చావు వారిది. దాన్నే ప్యారలల్ అంటారు. ఊరందరికీ ప్యారలల్ కట్టిన మహానుభావుడు తన ఇంటి ముందు దీపాల దగ్గరికొచ్చేసరికి మాత్రం సిరీస్ పట్టుకుని వేళ్ళాడతాడు.

"బాబాయ్, ప్యారలల్‌లో కట్టొచ్చుగా?" అని ఎవరైనా అడిగితే, "కట్టొచ్చు" అంటాడు.

"మరి కట్టవేం?"

"కట్టను."

"ఎందుకని?"

"నిచ్చెన కాస్త గట్టిగా పట్టుకో."

అంతే. అంతకు మించి బ్రహ్మదేవుడొచ్చినా ఆయన నోట్లోంచి ముక్క రాబట్టలేడు.

సామాన్లు కూడా కొనేవాడు కాదు, అన్నీ ఇంట్లో చేసినవే. టార్చిలైట్లలో ఉండే చిట్టి బల్బులు. పాత గొడుగు ఊచలతో నక్షత్రం. ఇనప తీగ వంచి గొర్రె. ఆ గొర్రెని గొర్రె అని ఆయనొక్కడే అనేవాడు. వీధిలో కొందరు కుక్కన్నారు, కొందరు ఒంటె అన్నారు, బేకరీ ఆవిడైతే మొహమాటం లేకుండా "కుర్చీ బాగుంది బాబాయ్" అంది. ఇక ఎప్పుడు కడతాడంటారా, క్యాలెండరుతో ఆయనకి పనిలేదు. ఆఖరి వాన వెలియగానే నిచ్చెన బయటికొచ్చేది. క్రిస్మస్ వచ్చి వెళ్ళి, కొత్త సంవత్సరం పాతబడి, ఎండలు చుర్రుమన్నా దీపాలు గోడ దిగేవి కావు.

"ఏమండీ, జనం నవ్వుతున్నారు, ఇకనైనా తియ్యండి" అని ఆయన భార్య పోరేది.

"నవ్వుతున్నారుగా? ఉండనీ."

ఆ ఇంటికి కోడలిగా వచ్చిన పిల్ల సైన్సు టీచరు. ఇంకెవరైనా అయితే ఎలాగో సర్దుకుపోయేవారు. ఈమె గ్రహపాటు, ఎనిమిదో తరగతికి కరెంటు పాఠం చెప్పాలి. బోర్డు మీద ఒకపక్క సిరీస్ బొమ్మ, ఒకపక్క ప్యారలల్ బొమ్మ గీసి, "ఇళ్ళకి సిరీస్‌లో ఎవరూ కట్టరు. ఎందుకో చెప్పండి?" అంది.

రెండో బెంచీ పిల్ల చెయ్యెత్తింది. "ఒకటి పోతే అన్నీ పోతాయి టీచర్."

"శభాష్."

"మరి మీ ఇంటికి అలాగే కట్టారు కదా టీచర్?"

క్లాసంతా గొల్లుమంది. కోడలు డస్టరు తీసుకుని, మంచి బొమ్మని కూడా చెరిపేసింది.

పోయిన ఏడు క్రిస్మస్ పాటలు, అదే క్యారల్స్, పాడేవాళ్ళు వచ్చినప్పుడు జరిగింది తలుచుకుంటే ఆమెకి ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. స్కూలు పిల్లలు, టీచర్లు, హెడ్మిస్ట్రెస్ అందరూ గేటు ముందు అర్ధచంద్రాకారంలో నిలబడ్డారు. మొదటి చరణం అద్భుతంగా సాగింది. రెండో చరణం ఎత్తుకుని గొంతు పైకి లేపారో లేదో, ఠప్! కటిక చీకటి. ఒకడు పూలకుండీలో కాలు పెట్టాడు. గిటారు వాయించేవాడు గిటారుతోపాటు గోడకి గుద్దుకున్నాడు. ఆ చీకట్లోంచి హెడ్మిస్ట్రెస్ గొంతు చాలా మెత్తగా వినిపించింది. "అమ్మా, మీరు సైన్సు టీచరే కదూ?"

ఆ మాట ముల్లులా దిగబడిపోయింది. వచ్చే ఏడు క్యారల్స్ నాడు ఒక్క దీపం కూడా ఆరకూడదని ఆ క్షణంలోనే ఒట్టు పెట్టుకుంది.

ఇక్కడ ఎదురింటి గార్డుగారి గురించి చెప్పాలి. ఆయన లేకపోతే ఈ కథ లేదు. ఉద్యోగమంతా గూడ్సు రైళ్ళ వెనక పెట్టెలో పచ్చజెండా, ఎర్రజెండా ఊపి రిటైరైన మనిషి. రిటైరైన మర్నాడు కిటికీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అంతే, లేస్తే ఒట్టు. "నడవండి, లేకపోతే మోకాళ్ళు బిగుసుకుపోయి ఇక ఆ కుర్చీలోనే ఉండిపోతారు" అని డాక్టరు బెదిరించాడు. భార్య బతిమాలింది. పార్కుకి రమ్మని వీధిలో ఒక్కొక్కరూ పిలిచి చూశారు.

"పార్కులో నాకేం పని?" అనేవాడు గార్డుగారు.

"పనేమీ లేదండీ, ఊరికే నడవడానికి."

"ఊరికే నడవడానికి నేనేమన్నా ఆవునా?"

అలాంటి మనిషి ఒక్కదానికి మాత్రం కదిలేవాడు. అది ఫ్యూజు బాబాయ్ దీపాలు ఆరిపోయినప్పుడు. అవేమో నిక్షేపంలా రోజు విడిచి రోజు ఆరిపోయేవి. చీకటి పడ్డాక ఠప్‌మనగానే, "పోయాయహో!" అని బాబాయ్ కేక. ఆ కేకలో ఏ కోశానా విచారం ఉండేది కాదు. తలుపులు తెరుచుకునేవి. ఒకరు టార్చి, ఒకరు ఫోను, బేకరీ ఆవిడ చేతికంటిన పిండితో సహా వచ్చేవారు. అందరూ తలో బల్బూ బిగించి చూసేవారు.

"ఇది కాదు!"

"ఇదీ కాదు!"

"ఒంటె చెవి చూశారా?"

"గొర్రె!" అని బాబాయ్ సర్దేవాడు.

అప్పుడు ఎదురింటి కిటికీ రెక్క కిర్రుమనేది. "ఏమయ్యా ఫ్యూజూ! మళ్ళీ ఆగిందా బండి?"

"ఆగిందండీ గార్డుగారూ. మీరొస్తే తప్ప కదిలేట్టు లేదు."

"నేను రాను. నాకు మోకాళ్ళు."

"సరేనండీ. చీకట్లోనే పడుంటాం."

కిటికీ రెక్క మూసుకునేది. తర్వాత, "ఒరేయ్ ఆగండి, ఏదీ పీకెయ్యకండి! మీవల్ల ఏమవుతుంది గనక!" అంటూ ఊతకర్ర టకటకలాడించుకుంటూ, పాత రైల్వే లాంతరు పట్టుకుని రోడ్డు దాటేవాడు. ఇక తనిఖీ మొదలు. ఆయన లెక్కలో గేటు ఇంజను, గోడ గూడ్సు పెట్టెలు, నక్షత్రం ఉన్న చివర గార్డు కూర్చునే బ్రేకు వ్యాను. ఇంజను దగ్గర్నుంచి బ్రేకు వ్యాను దాకా, మళ్ళీ బ్రేకు వ్యాను నుంచి ఇంజను దాకా నడిచేవాడు. రెండుమూడు బల్బుల దగ్గర ఆగి, లాంతరెత్తి, పెదవి విరిచి, నాలుగో దాని మీద వేలు పెట్టి "ఇదీ" అనేవాడు. బాబాయ్ దాన్ని బిగించేవాడు. వీధంతా వెలిగిపోయేది. జనం చప్పట్లు కొట్టేవారు. గార్డుగారు ఎప్పుడూ తప్పలేదు. ఒక్కసారి కూడా.

"అదెలా సాధ్యం?" అని కోడలు మొగుణ్ణి నిలదీసింది. "ఆరిపోయిన బల్బుని చూసి చెప్పడానికి ఆయనకేమైనా దివ్యదృష్టి ఉందా?"

"అనుభవం" అన్నాడు మొగుడు పేపరు తిప్పుతూ.

"గూడ్సు రైల్లో బల్బుల అనుభవమా?"

"నన్నెందుకు చంపుతావ్? వెళ్ళి ఆయన్నే అడుగు."

అడగలేదు. ఆమె బుర్రంతా క్యారల్స్ మీదే ఉంది. ఈసారి అదృష్టం కూడా కలిసొచ్చింది. క్యారల్స్‌కి సరిగ్గా ముందు ఏదో చుట్టాల పెళ్ళి తగిలి అత్తగారూ మామగారూ పొరుగూరు వెళ్ళారు. బస్సు అలా మలుపు తిరిగిందో లేదో, కోడలు నిచ్చెన తీసింది.

"మా నాన్న చంపేస్తాడు" అన్నాడు మొగుడు.

"నిచ్చెన పట్టుకోండి."

"నిన్ను కాదు, నన్ను చంపుతాడు."

"అయితే ఇంకా గట్టిగా పట్టుకోండి."

ఆ చిట్టి బల్బులకి ఇంటి కరెంటు నేరుగా తగిలితే ఢామ్మంటాయి కాబట్టి, కరెంటు తగ్గించే పెట్టె ఒకటి తెచ్చింది. పాత తీగ మొత్తం విప్పేసి, రెండు కొత్త తీగలు లాగి, ఒక్కో బల్బునీ ఆ రెంటికీ విడివిడిగా కలిపింది. ప్రతి అతుకుకీ టేపు చుట్టింది. వేళ్ళు బొబ్బలెక్కాయి, నడుము పడిపోయింది, మొగుడు నిచ్చెన పట్టుకునే నిలబడి కునికాడు. అంతా అయ్యాక స్విచ్చి వేసింది. వెలిగాయి. ఒక బల్బు వదులు చేసి చూసింది. అదొక్కటే ఆరింది, పక్కవి కన్నార్పలేదు. గొర్రె కూడా ఆ వెలుగులో కాస్త గొర్రెలాగే కనిపించింది. ఆమె నిచ్చెన మీదే చిన్న గంతు వేసింది.

మర్నాడు సాయంత్రం పెళ్ళికెళ్ళినవాళ్ళు దిగారు. ఫ్యూజు బాబాయ్ సంచీ గేటు దగ్గరే పెట్టి, దీపాల వంక చూశాడు. తీగ వెంట వేలు పెట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళాడు. కోడలు వెనకే నడిచింది. మొగుడు అప్పటికే పెరట్లోకి జారుకున్నాడు.

"ఈ అతుకులు ఎవరు వేశారు?"

"నేనే మామయ్యగారూ."

"చక్కగా వేశావు తల్లీ. మావాడు వేసుంటే ఈపాటికి ఇల్లంటుకుపోయేది."

"మీకు కోపం రాలేదు కదా?"

"మంచి పనికి కోపమేంటమ్మా" అని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ పూట కాఫీ రెండోసారి అడగలేదు. రెండో కాఫీ అడక్కపోవడం అంటే ఆ ఇంట్లో చిన్న విషయం కాదు. అత్తగారు నుదురు మీద చెయ్యి వేసి చూసింది.

క్యారల్స్ బ్రహ్మాండంగా జరిగాయి. మొదటి చరణం, రెండో చరణం, ఆఖరి చరణం, ఒక్క బల్బు రెప్ప వాల్చలేదు. గిటారు అబ్బాయి క్షేమంగా ఉన్నాడు, పూలకుండీ క్షేమంగా ఉంది. హెడ్మిస్ట్రెస్ కళ్ళద్దాలు సర్దుకుని, "ఇప్పుడు సైన్సు టీచరు ఇల్లులా ఉందమ్మా" అంది. కోడలికి కాళ్ళు నేల మీద ఆనలేదు. అందరూ కేకు తిన్నారు, చేతులు తుడుచుకున్నారు, వెళ్ళిపోయారు. పోయిన ఏడు వీళ్ళు బల్బు వెతుకుతూ ఎంత పొద్దుపోయేదాకా ఉన్నారో, ఎన్ని కబుర్లు చెప్పుకున్నారో అప్పుడు కాస్త గుర్తొచ్చింది. గుర్తొచ్చినా, ఆమె దాన్ని పట్టించుకోలేదు.

ఆ తర్వాత రోజూ దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. జనం ఇంటికొస్తూ ఒకసారి తలెత్తి చూసి, "బాగున్నాయే" అనుకుని లోపలికెళ్ళి తలుపేసుకునేవారు. బేకరీ ఆవిడ రావడం మానేసింది. రావలసిన పనేముంది? ఎదురింటి కిటికీ మూసే ఉంటోంది. వెలుగంతా ఉంది గానీ, వీధిలో నరమానవుడు లేడు.

ఒక పొద్దున గార్డుగారి భార్య గేటు దగ్గర నిలబడి అత్తగారితో అంటోంది. "ఏం చెప్పమంటారు వదినా, కుర్చీలోంచి లేవడమే మానేశారు. నిన్న డాక్టరు వచ్చి కాళ్ళు వంచి చూసి తిట్టి వెళ్ళాడు. ఇలాగే కూర్చుంటే నెల తిరిగేసరికి మంచం దిగలేరన్నాడు. ఈయనేమో, 'నాతో ఎవరికేం పని, డ్యూటీ అయిపోయింది' అంటారు. ఏం డ్యూటీయో నాకు తెలియదు."

కోడలు బట్టలు ఆరేస్తూ విన్నది. ఒక్క క్షణం ఎక్కడో తీగ తగిలినట్టయింది. కానీ పూర్తిగా వెలగలేదు. ఆ సాయంత్రం వెలిగింది.

చీకటి పడగానే ఆమె కాపీలు దిద్దుతూ కిటికీలోంచి చూస్తే, ముందు గోడ మీద దీపాల్లో ఒకటి ఆరింది. తర్వాత దాని పక్కది. తర్వాత ఇంకోటి. ఇదేం చోద్యమని బయటికొచ్చింది. ఫ్యూజు బాబాయ్ స్టూలెక్కి, చేతిరుమాలు వేళ్ళకి చుట్టుకుని, ఒక్కో బల్బూ వదులు చేస్తున్నాడు. ఒకటి వదులు చేసి, ఎదురింటి కిటికీ వంక ఆశగా చూసి, లాభం లేక ఇంకోటి. అప్పటికి గేటూ సగం గోడా అయ్యాయి. ఇల్లు సగం గీసిన గడ్డంలా ఉంది.

"మామయ్యగారూ! ఏం చేస్తున్నారు?"

బాబాయ్ స్టూలు మీద కొయ్యబారిపోయాడు. "బల్బులు తుడుస్తున్నానమ్మా."

"తుడిస్తే ఆరిపోతాయా?"

"దుమ్ము ఎక్కువగా ఉంది."

"దిగండి ముందు. పడతారు."

దిగాడు. దొంగతనం చేస్తూ దొరికిన పిల్లాడిలా రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. కోడలు ఆయన వంక చూసింది, ఆరిన బల్బుల వంక చూసింది, ఎదురింటి కిటికీ వంక చూసింది.

"అయితే ఇన్నాళ్ళూ దీపాలు ఆరిపోయింది..."

"అన్నిసార్లూ నేను కాదు" అన్నాడు బాబాయ్ రోషంగా. "కొన్నిసార్లు వాటంతటవే పోయేవి. నిజాయితీగల బల్బులు."

ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఏం చెయ్యమంటావు తల్లీ! గార్డుగారు పని లేకుండా అడుగు తీసి అడుగు వెయ్యడు. అలాంటి మనిషిని షికారుకి రమ్మంటే వస్తాడా? ఒక ఏడు తీగ సరిపోక సిరీస్‌లో కట్టాను. ఆరిపోయింది. ఆయన నన్ను తిట్టుకుంటూ రోడ్డు దాటి వచ్చి, ఆ చివర్నుంచి ఈ చివరికి నాలుగుసార్లు తిరిగాడు. మోకాళ్ళ సంగతే మర్చిపోయాడు. ఆహా, మందు దొరికిందిరా అనుకున్నాను. అప్పట్నుంచి ఇదే మందు, రోజు విడిచి రోజు."

"నాకు ఒక్క మాట చెప్పొచ్చుగా మామయ్యగారూ? మీ దీపాలు పాడు చేశాననేగా ఇప్పుడు నా బాధ!"

"పాడు చెయ్యలేదు. నీ వైరింగులో వంక పెట్టడానికేం లేదు. వచ్చిన చిక్కల్లా అదే." బాబాయ్ గొంతు తగ్గించాడు. "చెబితే నువ్వు ఆయన వంక జాలిగా చూస్తావమ్మా. నీ చూపు ఆయన పసిగడతాడు. ఇంక ఈ గేటు తొక్కడు. ఇప్పుడూ అదే భయం. ఆయనకి మాత్రం తెలియనివ్వకు. పాపం, తనే నాకు సాయం చేస్తున్నాననుకుంటాడు."

కోడలికి అప్పుడు పూర్తిగా వెలిగింది. తన బోర్డు మీద బొమ్మ గెలవాలని, తను చేసిన పనికి ఒక పెద్దమనిషి మంచాన పడబోతున్నాడు. సిగ్గేసింది, కోపమొచ్చింది, ఆ కోపం ఎవరి మీదో తెలియలేదు. అయితే ఏడుస్తూ కూర్చునే రకం కాదామె. చరచరా వరండాలోకి వెళ్ళి, గోడకున్న ప్లగ్గు పట్టుకుని పీకింది. ఇల్లంతా గుప్పున ఆరిపోయింది.

"కేకెయ్యండి మామయ్యగారూ."

బాబాయ్ మొహం చీకట్లో కూడా వెలిగింది. "పోయాయహో!"

తలుపులు తెరుచుకున్నాయి. బేకరీ ఆవిడ, "హమ్మయ్య, పోయాయా!" అంటూ చేతిపిండి దులుపుకుంటూ వచ్చింది. ఒకరి వెనక ఒకరు టార్చీలు బయల్దేరాయి. కిటికీ మాత్రం తెరుచుకోలేదు. బాబాయ్ మరోసారి అరిచాడు. ఊహూ. కోడలు ఇక ఆగలేక రోడ్డు దాటి గార్డుగారి తలుపు తట్టింది. ఆయన భార్య తీసి, చూపుల్తోనే లోపలి గది చూపించింది.

గార్డుగారు కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. కళ్ళు మాత్రం కిటికీ సందులోంచి వీధిలోనే ఉన్నాయి.

"గార్డుగారూ, మా దీపాలన్నీ ఆరిపోయాయండీ. ఏ బల్బు పోయిందో దొరకడం లేదు. మీరొస్తే తప్ప..."

"అబద్ధం" అన్నాడు గార్డుగారు.

"అబద్ధమేంటండీ?" అంది కోడలు.

"ఇప్పుడున్నది ప్యారలల్. ఒక బల్బు పోతే ఒకటే పోవాలి. అన్నీ ఎందుకు పోతాయి? నువ్వు ప్లగ్గు పీకావు. వరండాలో వంగడం ఇక్కణ్ణుంచి స్పష్టంగా కనిపించింది."

"ఇక్కణ్ణుంచి అంతా కనిపిస్తుందా?"

"కనిపించక? ఎన్నాళ్ళుగానో చూస్తున్నాను. మీ మామయ్య చీకటి పడగానే పిల్లిలా బయటికొస్తాడు. అటూ ఇటూ చూసి ఒక బల్బు వదులు చేస్తాడు. తర్వాత పోయాయహో అని గోల. నాకు ముందే తెలుసు ఏదో. తిన్నగా వెళ్ళి దాని మీద వేలు పెడితే అనుమానపడతాడని, మర్యాదకి ముందు రెండుమూడు బల్బులు చూసేవాణ్ణి."

కోడలు పక్కనున్న బల్ల మీద కూలబడింది. దివ్యదృష్టి సంగతి ఇదన్నమాట!

"తెలిసీ ఎందుకు వచ్చేవారండీ? అంత మోకాళ్ళ నొప్పితో!"

గార్డుగారు చుట్టూ చూసి ముందుకి వంగాడు. "ఎందుకేమిటమ్మా? వైరింగు పని మానేశాక మీ మామయ్యకి పొద్దుపోవడం లేదు. ఊరంతా తిరిగిన మనిషి, ఒక్కసారిగా ఇంట్లో పడ్డాడు. నలుగురినీ పిలవడానికి వంక కావాలి, నోరు తెరిచి అడగడు. సరే, తన సరదా తీరనిద్దాం, వెళ్ళకపోతే చిన్నబుచ్చుకుంటాడని లేచి వచ్చేవాణ్ణి. పాపం, తనేదో నన్ను బోల్తా కొట్టిస్తున్నాననుకుంటాడు. ఆ మాట మాత్రం ఆయనతో అనకు." ఆయన మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. "ఇప్పుడు కొత్త తీగలొచ్చాయిగా. ఇంక నాతో పనేముంది ఆయనకి?"

కోడలు చటుక్కున కిటికీ రెక్క బార్లా తీసింది. ఎదురుగా, నిచ్చెన పక్కన, చీకట్లో, ఫ్యూజు బాబాయ్ ఇటే చూస్తూ నిలబడి ఉన్నాడు. చుట్టూ జనం వదులైన బల్బులన్నీ బిగిస్తున్నారు. ఆయన ఏ బల్బూ ముట్టుకోవడం లేదు.

"చూడండి. పని లేనివాళ్ళు అలా నిలబడతారా?"

గార్డుగారు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత కుర్చీ చేతుల మీద రెండు చేతులూ ఆనించి, మూలిగి, తిట్టి, లేచాడు.

"ఏమేవ్! నా లాంతరేదీ? ఒరేయ్ ఫ్యూజూ, ఏదీ పీకెయ్యకండి, వస్తున్నా!"

వెనక్కి తిరిగి కోడలితో గుసగుసగా, "నువ్వు ప్లగ్గు దగ్గరుండు. నేను వేలు పెట్టి 'ఇదీ' అన్నప్పుడు గుచ్చు. ముందు కాదు, వెనక కాదు" అన్నాడు.

కోడలు వరండాలోకి పరిగెత్తింది. తనిఖీ మొదలైంది. ఇంజను చూశారు, గూడ్సు పెట్టెలు చూశారు. మోకాళ్ళు బిగుసుకున్నాయేమో, మొదట్లో అడుగు తడబడింది, మలుపు తిరిగేసరికి దారిన పడింది. "ఈ పెట్టె కాదు. ఇదీ కాదు. లాంతరు ఎత్తవయ్యా ఫ్యూజూ, నిద్రపోతున్నావా?" గార్డుగారు బ్రేకు వ్యాను ఇంకా చేరనేలేదు, కోడలి మొగుడు ఆఫీసు నుంచి వచ్చాడు. చీకటి చూశాడు. వరండాలో కిందపడున్న ప్లగ్గు చూశాడు. "ఇదుగో, ప్లగ్గు ఊడిపోయింది, అందుకే" అని ఆమె వద్దనేలోపే గుచ్చేశాడు.

భగ్గున వెలిగింది ఇల్లు. గార్డుగారి వేలు గాల్లోనే ఉండిపోయింది. కోడలు కళ్ళు గట్టిగా మూసుకుంది.

"చూశారా!" అని అరిచాడు ఫ్యూజు బాబాయ్. "వేలు పెట్టకముందే వెలిగాయి! గార్డుగారొస్తున్నారని తెలిసి భయపడ్డాయి!"

"భయపడక?" అన్నాడు గార్డుగారు వేలు దించకుండా.

వీధంతా గొల్లుమంది. చప్పట్లు ఆగలేదు. బేకరీ ఆవిడ కళ్ళు తుడుచుకుని ఉన్న కేకులన్నీ పట్టుకొస్తానని వెళ్ళింది. మొగుడు మాత్రం, "నేనేం చేశాను?" అని అందర్నీ అడుగుతూ తిరిగాడు.

వెలుగొచ్చాక కూడా గార్డుగారు ఇంటికి బయల్దేరలేదు. ఒకసారి ఆగిన బండి మళ్ళీ ఆగుతుంది, లైను మొత్తం చూడాలన్నాడు. ఫ్యూజు బాబాయ్ చూద్దామన్నాడు. ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని, పోట్లాడుకుంటూ, వీధి చివరిదాకా నడక మొదలుపెట్టారు. వరండా ముందు నుంచి వెళ్తూ ఫ్యూజు బాబాయ్ కోడలి వంక కన్ను గీటి, "నేను పట్టుకున్నాను గనక సరిపోయింది" అన్నట్టు గార్డుగారి భుజం మీదున్న తన చెయ్యి చూపించాడు. రెండడుగులు వేశాక, బాబాయ్ చూడకుండా గార్డుగారు తల తిప్పి, అచ్చం అలాగే కన్ను గీటి తన చెయ్యి చూపించాడు.

లోపల్నుంచి అత్తగారి గొంతు. "భోజనాలు చల్లారిపోతున్నాయి, ఆ ఇద్దర్నీ కేకెయ్యవే!"

కోడలు మెట్టు మీద కూర్చుని గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది.

"ఉండండి అత్తయ్యా" అంది. "ఇంకో చుట్టు తిరగనివ్వండి."